బాగుందన్నాను, వదినా

వదినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పూజలో కూర్చున్నా మనసు నిలవక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఆత్మకూరులో నీ కూతురు మా అన్న కొత్త రాక్ పాట వినిపించింది. ఎలక్ట్రిక్ గిటారు మధ్యలో మన ఉదయగిరి గొర్రెల మెడగంటలు మోగించాడు, మందను పిలిచే కేక పెట్టాడు. నాకు ఒళ్లు పులకరించింది.

"ఎట్టుండాది అత్తా?"

"చానా బాగుండాది."

"ఇంత బాగా పాడేటోడు అమ్మనెట్ట కొట్టినాడు?"

నీకు దెబ్బలు పడుతుంటే పక్కగదిలో జపం చేసుకుంటూ కూర్చున్న నేను, అన్న పాటకు మాత్రం నోరు తెరిచాను. సిగ్గుగా ఉంది. అయినా ఆ పాట మళ్లీ విన్నాను.

ఈ కాగితం నీ పటం వెనక పెడుతున్నాను. నీ దగ్గరే ఉంచుకో. అన్న కంట పడనీకు. పాట బాగుందన్నానని చదివితే, నీ తరఫున నేనే క్షమించేశాననుకుంటాడు.