గోరుముద్దల నాన్నగారికి

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నాను. గురువారం కదా, రేపు శుక్రవారం ఇక్కడ సెలవు, మీ ఆఫీసు ఒంటిగంటకే ఖలాస్. హిమజ బస్సు దిగి రాగానే అన్నం, పప్పు కంచంలో పెట్టండి. పెట్టమన్నాను, తినిపించమనలేదు. ట్యూనా చేప డబ్బా మూతకు తెగిన దాని కుడిచేతి వేలి నరాన్ని డాక్టరు కుట్టి ఏడాది దాటింది. ముద్ద తనే కలుపుకుంటే వేళ్లకు పట్టొస్తుందని ఫిజియోథెరపీ ఆవిడ మొత్తుకుంటోంది. మీరేమో ఎనిమిదేళ్ల పిల్లకి గోరుముద్దలు! ఎంత ప్రేమో! దాని పరీక్షలు కూడా మీరే రాసిపెట్టండి. మెతుకులు కింద పడితే పడనివ్వండి, ఊడ్చేది ఎలాగూ నేనేగా.

సుభాషిణి

తా.క. హ్యాంగర్‌కున్న మీ నీలం చొక్కా గుండీలన్నీ ఒక్కో కాజా తప్పి ఉన్నాయి. సరిచేయకండి. పొద్దున హిమజ ఒక్క కుడిచేత్తోనే పెట్టింది. శనివారం ఆఫీసుకు అలాగే వేసుకెళ్లండి.