గట్టి క్లిప్పులు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ, మరదలూ, పాపా బాగున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ఇందులో రెండో వాక్యం నిజం. మొదటిది ఎందుకు అబద్ధమో కింద తెలుస్తుంది. నా ఉత్తరాలు చివర్నుంచి మొదలెట్టి చదివే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఈసారి మాత్రం ఆ పని చెయ్యకు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు.

మధ్యాహ్నమయ్యేసరికి గోడలో ఎవరో గోళ్ళతో కొడుతున్నట్టు టిక్కుటిక్కుమంటోందన్నావు. భయపడాల్సిందేమీ లేదు. మీ ఇల్లు ఉక్కు రేకుని పెట్టెల్లా వంచి చేసిన కడ్డీల మీద నిలబడింది. ఆ రేకు మందం మిల్లీమీటరు అటూ ఇటూ. ఎండకి సాగుతుంది, నీడ పడితే ముడుచుకుంటుంది, స్క్రూ ఉన్న చోట ఆ మాత్రం సణుగుతుంది. సణిగే హక్కు దానికుంది, పాపం, మూడంతస్తులు మోస్తోంది.

మీ మావగారు 'డబ్బా ఇల్లు' అన్నారట. ఆయన్ని కూర్చోబెట్టి నా మాటగా చెప్పు. చెక్కకి చెద పడుతుంది, దీనికి పట్టదు. చెక్క వంకర తిరుగుతుంది, ఇది తిరగదు. కొలతలు ఫ్యాక్టరీలోనే తేల్చి, నంబర్లు వేసి, ప్యానెళ్ళుగా బిగించి లారీలో తెస్తారు. ఎనిమిది మందిమి తొమ్మిది రోజుల్లో ఒక ఇంటి అస్థిపంజరం లేపాం, ఎనిమిది మందిలో ఐదుగురం ఆడవాళ్ళం. డబ్బా అనాలంటే ముందు తన అపార్టుమెంట్లో లిఫ్టుని అనమను. రోజూ అందులోనే కదా ఎక్కుతారు!

అలమర బిగించడానికి పక్కింటి వైపు గోడ వాడొచ్చా అని అడిగావు. వద్దు. మెట్ల వైపు గోడకి పెట్టుకో.

పాప ఆ పక్కింటి వైపు గోడ మీద మూడుసార్లు కొడితే, అటునుంచి బస్సు డ్రైవరు గారి అమ్మగారు మంచం మీంచే మూడుసార్లు తిరిగి కొడుతున్నారని రాశావు. ఆవిడ మంచం పట్టి రెండేళ్ళయిందని, మేడ దిగలేరని కూడా రాశావు. ఆ రెండు వాక్యాలూ ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

మూడో ప్రశ్న. ఇల్లు కట్టినదాన్ని, ఇన్ని నెలలైనా వచ్చి ఒక్క పూట ఉండనేం అని మరదలు నిష్ఠూరమాడుతోందట. "వదినకి మా ఇల్లు నచ్చలేదేమో" అందట. సెలవు దొరకలేదని ఇదివరకు రాశాను. దొరికింది. రెండుసార్లు. రెండుసార్లూ ఈ గదిలోనే ఉండిపోయాను. సైటు పక్కన వేసిన రేకు గదుల్లో నాది చివరిది. కిటికీ ఉంది, కిటికీకి నాలుగడుగుల దూరంలో స్టోరు గోడ ఉంది. తలుపు తీస్తే మేనేజరు ఆఫీసు. ఎటు చూసినా ఏదో ఒకటి నా మొహం మీదే మూసుకున్నట్టుంటుంది. అయినా మీ ఇంటికంటే ఇదే నయమనిపించింది.

ఇక నాలుగోది. అసలు ఈ ఉత్తరం రాయిస్తున్నది అదే. సమ్మెప్పుడు నేను రాసిన కరపత్రం కాపీ ఉంటే పంపమన్నావు. ఇరవై రెండిళ్ళ సంఘం వాళ్ళు దాన్ని ఫ్రేము కట్టించి మీటింగు గదిలో పెడతారట. 'మా అక్క పోరాడబట్టే మన గోడలు ఇంత గట్టిగా ఉన్నాయి' అని నువ్వు అందరికీ చెప్పుకుంటున్నావట.

చెప్పకు తమ్ముడూ. ఇవాళ్టితో ఆపెయ్.

ఆ మూడు రోజుల సమ్మె సంగతి నీకు తెలిసిందే, నేనే గొప్పగా రాశాను. తెలియనిది ఇప్పుడు చెబుతాను. మీ ఇరవై రెండిళ్ళూ ఒకదానికొకటి ఆనుకుని ఒకే వరసలో ఉన్నా, ప్రతి ఇంటికీ దాని ఫ్రేము దానిదే. రెండు ఫ్రేముల మధ్య నిప్పుని ఆపే గోడ ఒకటి ఉంటుంది, అంగుళం మందం జిప్సం పలకలు జంటగా నిలబెట్టింది. అది తనంతట తాను నిలబడదు. ప్రతి అంతస్తు దగ్గరా అటు ఫ్రేముకి కొన్ని, ఇటు ఫ్రేముకి కొన్ని చిన్న చిన్న క్లిప్పులు వేసి పట్టి ఉంచుతారు. ఆ క్లిప్పులు అల్యూమినియంవి వచ్చాయి. ఒకటి తీసి మా వాళ్ళందరి ముందూ రెండు వేళ్ళతో వంచాను. అప్పడంలా వంగింది. ఇంకేముంది, నాకు పూనకం వచ్చేసింది. కంపెనీ వాడు అన్నిట్లోనూ కక్కుర్తి పడ్డవాడే. తాగే నీళ్ళ దగ్గర పడ్డాడు, చేతి తొడుగుల దగ్గర పడ్డాడు, ఇక్కడెందుకు పడడు? రాత్రికి రాత్రి కరపత్రం రాశాను. 'మనుషులుండే ఇళ్ళకి బొమ్మరిళ్ళ క్లిప్పులా?' శీర్షిక నాకే ఎంత నచ్చిందో!

మేనేజరుని మేం ఇస్త్రీచొక్కా అంటాం. మూడో రోజు ఆయనే వచ్చాడు.

"ఏమిటమ్మా మీ గొడవ? ఉక్కువి కావాలి, అంతేగా?"

"గొడవ కాదు, డిమాండు. ఉక్కువే కావాలి."

"స్టోర్లో మూలలకి తెచ్చిన ఉక్కు క్లిప్పులు బస్తాలకొద్దీ మిగిలాయి. వాడుకోండి. ఇక్కడో సంతకం పెట్టండి, కార్మికుల కోరిక మీద మార్చామని."

పెట్టాను. నవ్వుతూ ఒప్పుకున్న యాజమాన్యాన్ని నమ్మకండని పదిహేనేళ్ళుగా మైకు పట్టుకుని అరుస్తున్నాను. చదవకుండా సంతకం పెట్టొద్దని ప్రతి కొత్త మనిషికీ మొదటి రోజే చెబుతాను. ఆ రోజు గెలిచామన్న ఊపులో కాగితమూ చదవలేదు, డ్రాయింగూ చదవలేదు. ఇరవై ఒక్క గోడలకి ఉక్కు క్లిప్పులు బిగించాం. చాలావరకు నా చేతుల మీదుగానే. తనిఖీ అధికారి వచ్చేసరికి బోర్డులు బిగించి మూసేశాం. ఆయన గోడ మీద అరచేత్తో చరిచి "భలే గట్టిగా ఉందే" అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం.

ఈ కొత్త సైటుకి వచ్చిన రెండో వారంలో అవే అల్యూమినియం క్లిప్పులు పెట్టెలో కనిపించాయి. భోజనాల వేళ బల్లెక్కి మళ్ళీ మొదలెట్టాను. బోర్డులు బిగించే పెద్ద మేస్త్రీ అన్నం డబ్బాలోంచి తలెత్తాడు.

"అమ్మా లౌడ్‌స్పీకరూ, కాస్త సౌండు తగ్గించు. అవి గట్టిగా ఉంటేనే కొంప మునుగుతుంది."

"గట్టిగా ఉంటే మునుగుతుందా? ఎవడు చెప్పాడు నీకు? ఇస్త్రీచొక్కాయేనా?"

"ఎవడో చెప్పడమెందుకు, రా చూపిస్తా. రావమ్మా, పోట్లాట తర్వాత పెట్టుకుందాం."

ప్లంబరు దగ్గర గ్యాసు టార్చి తీసుకున్నాడు. రెండు పట్టకార్లతో రెండు క్లిప్పులు పట్టి మంటలో పెట్టించాడు. అల్యూమినియంది ముందు వాలింది, తర్వాత జారి కింద పడింది. ఉక్కుది ఎర్రబడి అలాగే ఉంది.

"ఒక ఇల్లు అంటుకుందనుకో," అన్నాడు, "దాని ఫ్రేము వేడికి కుంగి కూలుతుంది. ఈలోపే ఆ వైపు క్లిప్పులు కరిగి ఊడిపోవాలి. అప్పుడు ఆ ఇల్లొక్కటే పడుతుంది. గోడ ఇవతలి ఇంటిని పట్టుకుని నిలబడుతుంది. ఇవతలి వాళ్ళు పిల్లల్నెత్తుకుని దిగిపోతారు. నేను చూశానమ్మా, పక్కిల్లు బూడిదైన మర్నాడు ఇవతలింటావిడ అదే వంటింట్లో పాలు కాచుకుంటోంది."

"మరి క్లిప్పులు ఉక్కువైతే?"

"కూలే ఇల్లు గోడని కూడా లాక్కుపోతుంది. ఇంకేం అడ్డముంటుంది మంటకి?" అని నా మొహం చూసి, "ఏం, ఎక్కడైనా వేశావా ఏంటి?" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలి.

ఆ సాయంత్రం మీ వరస డ్రాయింగు తెప్పించి చూశాను. మూడో షీటులో, కింద, కుడి మూల. ఈ క్లిప్పులు అల్యూమినియంవే ఉండాలి, మార్చకూడదు. ఒక్క లైను.

ఇది జరిగి నాలుగు నెలలు. నాలుగు నెలల నుంచీ ఎందుకు నోరు మూసుకున్నావని అడుగుతావు. నా వాదనలు విను, నీకు నవ్వొస్తుంది. నిప్పు రోజూ అంటుకుంటుందా? ఇది బయటపెడితే కంపెనీ ఏమంటుంది, యూనియన్ వాళ్ళ మాట వింటే ఇంతే అంటుంది. నీళ్ళ గురించి, తొడుగుల గురించి మేం చెప్పిన నిజాలన్నీ ఈ ఒక్క తప్పుతో కొట్టుకుపోతాయి. కాబట్టి ఉద్యమం కోసం మౌనంగా ఉన్నానట! ఈ ముక్క ఇంకెవడైనా అనుంటే వాణ్ణి చీల్చి చెండాడేదాన్ని. నాకు నేనే చెప్పుకుంటే మాత్రం ఎంత నున్నగా దిగిందో గొంతులోకి.

అదీ నిలవలేదు. పోయిన నెల ఇక్కడ మూడో అంతస్తు ప్యానెళ్ళు ఎక్కిస్తూ ఒకతను పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నడుముకి తాడుంది, ఆ తాడు తగిలించడానికి పైన కొక్కెం లేదు. ఆఫీసుకి వెళ్ళాను. ఇక్కడా ఇస్త్రీచొక్కాయే మేనేజరు.

"కూర్చోండమ్మా. టీ చెప్పనా?"

"టీ వద్దు. కొక్కేలు కావాలి."

సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద నా వైపు తిప్పి పెట్టాడు. "ఈ సంతకం మీదేనా?"

నాదే. ఉక్కు క్లిప్పుల కోసం ఆ రోజు పెట్టిందే.

"బెదిరిస్తున్నాననుకోకండి. మీకు గుర్తుందో లేదోనని. మీ తమ్ముడు గారిల్లు కూడా ఆ వరసలోదే కదా?"

అంటే వాడికీ తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. ఇరవై రెండిళ్ళ వాళ్ళ ప్రాణాలు సొరుగులో పెట్టుకుని కూర్చున్నాడు, నా నోటికి తాళంగా పనికొస్తాయని. డ్రాయింగు చదివే చదువు వాడిది, దానికి జీతం తీసుకునేది వాడు, మార్చమన్నప్పుడు కుదరదని చెప్పాల్సింది వాడు. వాడి తప్పు నేను నెత్తినేసుకోను. నా తప్పు వాడి మీదికి తోసెయ్యను కూడా. ఆ రోజు మాత్రం ఏం చేశానో తెలుసా? కొక్కేల మాట ఎత్తకుండా లేచి వచ్చేశాను. ఆ మర్నాటి నుంచీ మా ఆడవాళ్ళు కొక్కెం లేకుండానే పైకెక్కుతున్నారు. "ఏమక్కా, ఈమధ్య మీటింగులు లేవేం, గొంతు పోయిందా?" అంటున్నారు. జలుబు చేసిందన్నాను. ముప్పై రోజుల జలుబు!

వీళ్ళు పడితే అది నా మౌనం వల్ల. మీ వరస అంటుకుంటే అది నా గొంతు వల్ల. ఎటు కదిలినా మనుషులే అడ్డొస్తున్నారు, అందుకే కదలకుండా కూర్చున్నాను. కదలకపోయినా ఆపదలో ఉన్నది ఆ మనుషులేనని నీ ఉత్తరం వచ్చాకగానీ నాకు తలకెక్కలేదు. నా కరపత్రానికి అద్దాల ఫ్రేము కడతారట. దాని కింద పిల్లలు ఆడుకుంటారట.

రేపు భోజనాల వేళ ఇదంతా ఇక్కడ చెప్పేస్తాను. కాగితం వాడు చూపించేలోపే ఆ సంతకం నాదేనని నేనే ఒప్పుకుంటాను. ఆ తర్వాత కొక్కేలు అడుగుతాను. అప్పటికి నా మాట వినేవాళ్ళు ఎంతమంది మిగులుతారో తెలియదు. పని ఉంటుందో ఊడుతుందో అదీ తెలియదు. తనిఖీ ఆఫీసుకి ఈ ఉత్తరంతోపాటే ఇంకోటి రిజిస్టరు చేస్తున్నాను. వాళ్ళు కదలడానికి వారాలు పడుతుంది. నువ్వు ఇవాళే కదలగలవు.

బాగుచెయ్యలేనిది కాదు. ప్రతి అంతస్తు దగ్గరా గోడ పొడవునా జానెడు వెడల్పున బోర్డు కోసి, ఉక్కు క్లిప్పులు విప్పి, అసలువి బిగించి మూసెయ్యాలి. ఇంటికి రెండు రోజులు. సంఘం ఒప్పుకుంటే నేనే వస్తాను, ఒప్పుకోకపోతే పెద్ద మేస్త్రీ వస్తానన్నాడు. అతనికి నిన్న చెప్పాను. ముందు తిట్టాడు, తర్వాత తారీఖు అడిగాడు.

నువ్వు నా మాట నమ్మవని తెలుసు. అక్క పొరపాటు పడదని నీ మూర్ఖత్వం. కాబట్టి నమ్మకు, చూడు. మేడ మీద బట్టల అరలో, నేలకి దగ్గరగా, పక్కింటి వైపు బోర్డుని పుస్తకమంత మేర కొయ్యి. టార్చి వేస్తే రెండు కడ్డీల మధ్య చిన్న క్లిప్పు కనపడుతుంది. ఫ్రిజ్ మీద పాప అతికించుకునే అయస్కాంతం ఒకటి తెచ్చి దానికి తగిలించు. అల్యూమినియం అయితే కింద పడిపోవాలి. పడదు.

అప్పుడు నువ్వేం చేస్తావో కూడా నాకు తెలుసు. అక్క పరువు పోతుందని బోర్డు ముక్క మళ్ళీ పెట్టి, రంగేసి, 'ఎవరికీ చెప్పలేదక్కా, నువ్వేం బెంగపడకు' అని రాస్తావు. మనింట్లో ప్రేమ అంటే అదే. ఈసారికి నాకది వద్దు.

ఆ రంధ్రం మూయకు. నాకు ఫోను చెయ్యకు. ముందు వెళ్ళి డ్రైవరు గారి తలుపు కొట్టు. లోపలికి పిలిచి చూపించు. వాళ్ళమ్మగారిని గోడలు బాగయ్యేదాకా కింద గదిలోకి మార్చమను, ఇద్దరూ కలిసి మొయ్యండి. ఆయన అరుస్తాడు. అరవనీ. ఇది చేసింది ఎవరని అడుగుతాడు.

పేరు చెప్పు. అడ్రసు కూడా ఇవ్వు.

ఇట్లు,
ఆ క్లిప్పులు బిగించిన
నీ అక్క