భద్రమ్మ అని కొడితే

జూన్ 10

ఈరోజు భద్రమ్మ ఆఫీసుకు వచ్చింది. ధర్మవరంలో మా వెబ్‌సైటుకు పట్టుచీరలు నేసిచ్చే మనిషి. కదిరిలో ఏదో పెళ్లికి ఆమె కూతురు తల్లి నేసిన చీర కట్టుకుపోయిందట. బెంగళూరు చుట్టాలు ఎవరు నేశారని అడిగితే, మా అమ్మే, సైటులో చూడండి అందట. వాళ్లు ఫోన్లో పేరు కొట్టారు. ఏమీ రాలేదు.

"మా పాప అబద్ధం చెప్తాండాదని అందరి ముందరా నగినారమ్మా. నేనేమన్నా సచ్చిపోయినానా? నా పేరు యాడికి పోయింది?"

నా సిస్టమ్‌లో కొట్టి చూశాను. ఫలితాలు లేవు. ఆమె నా భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

సాయంత్రం

కారణం దొరికింది. మా సెర్చ్ డేటాబేస్‌ను నేరుగా చూడదు. అందులోంచి తయారుచేసిన ఇండెక్స్ అనే పదాల జాబితాను చూస్తుంది. ఆ ఇండెక్స్ కట్టే క్వెరీ చీరల టేబుల్‌ను మాత్రమే చదువుతోంది. నేసినవాళ్ల పేర్లు వేరే టేబుల్‌లో ఉన్నాయి. రెండిటినీ ఎవరూ కలపలేదు. అంచు మీది నెమలి దొరుకుతుంది, నెమలిని నేసిన మనిషి దొరకదు! నాకు ముందు పనిచేసినవాడు మరిచిపోయి ఉంటాడు. రెండిటినీ కలిపే జాయిన్ ఒక్క లైన్ రాశాను. జాబితా మళ్లీ తయారయ్యేలా రీఇండెక్స్ పెట్టాను.

జూన్ 11

భద్రమ్మ అని కొడితే భద్రమ్మ చీరలన్నీ వరసగా వచ్చాయి. ఫోన్ చేసి చెప్పాను.

జూన్ 12

మళ్లీ లేదు. నేను రాసిన లైన్ తీసేసి ఉంది.

మధ్యాహ్నం

తీయించింది మా ఓనరు జయరాముడు గారే. మరుపూ కాదు, ఏమీ కాదు. మొదటి నుంచీ కావాలనే.

"పేరు దొరికిందంటే కొనేవాళ్లు నేరుగా ఆమె ఇంటికే పోతారు. మనం ఈడ కూచోని ఏం చేయాల?" అన్నారు.

మరి ప్రతి చీరా నేసినవారి పేరుతో అమ్ముతామని సైటు నెత్తిన రాసుకున్నాం కదా సార్ అన్నాను.

"ఉండాది కదమ్మా పేరు, పేజీ అడుగున. ఎతికితే దొరకాలని ఎవురు చెప్పినారు?"

నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

జూన్ 13

నీకెందుకు ప్రసూనా అంది నా పక్క సీటు పద్మజ. నాకెందుకో నాకు తెలుసు.

భద్రమ్మకు ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.  "బయమ్మ పేరు దొరుకుతాదా? తిమ్మక్కది?" అని తనలాగే మాకు నేసేవాళ్ల గురించి అడిగింది. ఎవరిదీ దొరకదు అన్నాను. "సరే పెట్టెయ్" అని ఫోన్ పెట్టేసింది.

జూన్ 16

చీరలు రావలసిన రోజు. చీరలు రాలేదు, మనుషులు వచ్చారు. ముందు భద్రమ్మ, వెనక బయమ్మ, ముదిగుబ్బ నుంచి బస్సెక్కి వచ్చిన తిమ్మక్క, ఇంకా నేనెప్పుడూ చూడని ఆడవాళ్లు. కుర్చీలు చాలక నేల మీద కూర్చున్నారు. సార్ కాఫీ తెప్పించారు. ఎవరూ ముట్టుకోలేదు.

భద్రమ్మ తన ఫోన్ ఆయన టేబుల్ మీద పెట్టింది.

"నా పేరు కొట్టప్పా. వచ్చేదాకా మేం ఈడనే ఉంటాం. చీరలు మా ఇండ్లల్లో ఉంటాయి."

ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అంటూ ఆయన నా వైపు చూశారు. నేను లేచి నిలబడ్డాను. టెక్నికల్ ప్రాబ్లమ్ కాదు, సార్ తీయించారు అన్నాను. 

ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి ఆయన నా మొహం చూడకుండా, "పెట్టమ్మా" అన్నారు.

వాళ్లందరి ముందే ఆ లైన్ మళ్లీ రాశాను. ఒక్కొక్కరూ వచ్చి తమ పేరు తామే కొట్టుకుని చూసుకున్నారు. తిమ్మక్క రెండుసార్లు కొట్టింది.

జూన్ 18

ఉద్యోగం ఉంది. సార్ నాతో మాట్లాడటం లేదు. ఆయనకు కోపమట. ఆయనకు!

జూన్ 20

బయమ్మ ఫోన్ చేసింది. తను నేసే అంచు వాళ్లమ్మ వేసిన డిజైనట. అమ్మ పోయి చాన్నాళ్లయిందట. ఆమె పేరు కొట్టినా దొరుకుతుందా అని అడిగింది.

డిజైన్ వేసినవాళ్ల పేరు రాయడానికి మా టేబుల్‌లో కాలమ్ లేదు. చేర్చాను.