ఇంటి ముంగట మార్సెయ్

ఏప్రిల్ 2

మళ్లీ అదే మాట. అమ్మ ఫోనులో అత్తతో — "దీనికి పెద్దిండ్ల మీద మోజు వదినా. ఎప్పుడు జూడు ఆ ఫోటోలే."

పక్క గదిలోనే ఉన్నాను. తలుపు కూడా తెరిచే ఉంది. గోడ మీది మార్సెయ్ బొమ్మను, ఫ్రాన్సులోని ఆ రేవు పట్నాన్ని, గంటలు గంటలు చూస్తానని, అట్లాంటి ఇల్లున్న సంబంధం కోసమే వచ్చినవన్నీ వద్దంటున్నానని వాళ్లు తేల్చుకున్నారు.

ఐదేళ్లు ఆర్కిటెక్చర్ చదివాను. నాకు కావలసింది ఇల్లు కాదు, రేవు. కార్లతో నిండిపోయిన రేవును మళ్లీ మనుషులు నడిచే చోటుగా ఎట్లా మార్చారో, ఆ తెల్లరాళ్ల మీద నిలబడి చూడాలి... చెప్పలేదు. చెబితే "గదే కద నేనంటున్నది" అంటుంది.

ఏప్రిల్ 4

చోటు దొరికింది.

మార్సెయ్‌లోనే నెల రోజుల శిక్షణ, జూన్‌లో. రేవు పక్క పాత గోదాములను కూల్చకుండా బాగుచేసే పని. తిండి, బస వాళ్లవే. టికెట్ మాత్రం నాది — జీతంలో దాచింది సరిపోతుంది. నెలాఖరులోగా జవాబివ్వాలి.

బాపు అప్పుడే అల్లం చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. విన్నాడు. "మంచిగయింది బిడ్డా." ఇంకో చెంబు పోసుకున్నాడు. "పెండ్లయినంక పో. అల్లుడు, నువ్వు, ఇద్దరు కలిసి పోయి రాన్రి."

అల్లుడు. ఇంకా ఎవరో తెలియదు. అతనికి నాకన్నా ముందే టికెట్ తీసేశారు.

ఏప్రిల్ 7

బస్టాండు వెనక, నేను పనిచేసే ఇంజినీరు సార్ ఆఫీసులో, పొద్దంతా ఎలివేషన్లు — ఇళ్ల ముందువైపు బొమ్మలు. అన్నిటికీ అవే లావు స్తంభాలు, అవే సిమెంటు ఆకులు. ఇల్లు కట్టుకునేవాళ్లందరిదీ ఒకటే మాట — "మేడం, జర గ్రాండ్‌గ రావాలె." గీసి ఇచ్చాను.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఫోనులో మ్యాపు తెరిచి, వీధి ఫోటోల్లో ఆ రేవు వెంట నడిచాను. పడవల కొయ్యలు. ఒడ్డున బల్లల మీద చేపలు. నీలం ఏప్రన్ కట్టుకున్న ఒకామె ఏదో పిలిచి చెబుతున్నట్టు చెయ్యెత్తి ఉంది. మ్యాపువాళ్లు ముఖం మసకబెట్టారు. ఎన్నిసార్లు వెళ్లినా అంతే. చెయ్యి ఉంటుంది, ముఖం ఉండదు.

ఏప్రిల్ 11

గోడ మీది బొమ్మ లేదు. అందులో రేవు ఒడ్డున సన్నని స్తంభాల మీద ఒక పెద్ద కప్పు, గోడలు లేవు, కప్పు అడుగు మొత్తం అద్దమే — కింద నడిచేవాళ్లు తలెత్తితే తలకిందులుగా తామే కనిపిస్తారు. హైదరాబాదులో పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకున్నది.

"నాకేం ఎరుక. బూజు దులిపినప్పుడు పడ్డదేమో" — అమ్మ.

చెత్తబుట్ట కూడా వెతికాను. నాలుగు టేపు ముక్కలు మాత్రం గోడకే ఉన్నాయి.

ఏప్రిల్ 14

అల్లం తవ్వడం ఆపేశారు. రేటు లేదు. "ఇప్పుడు తియ్యద్దు. భూమిల ఉంటే ఏం పోతది" — బాపు.

అమ్మ నా వైపు చూస్తూ కూర వడ్డించింది. "సంబంధాలు సుత గంతే. మంచిది దొర్కేదాక ఆగాలె."

ఎక్కువ కాలం ఉంచితే పీచు పడుతుంది. చిన్నప్పుడు ఒక దుంప విరిచి నాకు చూపించింది బాపే.

ఏప్రిల్ 15

ఆ నీలం ఏప్రన్ ఆమె ఏమని పిలుస్తూ ఉంటుంది? చేప పేరా, ధరా...

ఏప్రిల్ 19

బొమ్మ దొరికింది.

ఝరాసంగం రోడ్డులో మా కొత్త ఇల్లు లేస్తోంది. దాని ప్లాను వాస్తు పంతులుది. నన్నెవరూ అడగలేదు, నేనూ అటు పోలేదు. ఇవాళ బాపు బండి మీద ఎక్కించుకుపోయాడు. నాయనమ్మ, అమ్మ, అత్త ఆటోలో ముందే వచ్చి ఉన్నారు. అందరి నోళ్లూ బిగించి ఉన్నాయి, నవ్వు ఆపుకుంటున్నట్టు.

వాకిట్లో పోర్టికో. ఆరు లావు స్తంభాలు, సిమెంటు ఆకులతో సహా. పైకి చూడమన్నాడు బాపు. కప్పు అడుగంతా అద్దాలు. ఫోనులో ఫోటో తీసుకుని స్తంభాలు, కప్పు నెల కిందటే లేపారట, అద్దాల కోసం అసలు బొమ్మనే తెచ్చారట.

నా బొమ్మ సారువ కర్రకు కట్టి ఉంది, సున్నం వేలిముద్రలతో. బీదర్ నుంచి వచ్చిన శరణప్ప మేస్త్రి సంజాయిషీ ఇచ్చుకున్నాడు — "ఫోటోల కంబాలు బారీక్‌గ ఉన్నయమ్మా. గట్ల కడితే జనం నవ్వుతరు. లావు చేసిన."

"లాడ్జి లెక్కున్నదన్నా" — అత్త.

నాయనమ్మ తలెత్తి చాలాసేపు చూసింది. "గా ముసల్ది ఎవరే, తలకిందులున్నది?"

"నువ్వేనమ్మా" అన్నాడు బాపు.

"గట్లనా. నెత్తి మీద ఎంటికలే లెవ్వు."

అందరూ నవ్వారు. నేనూ. బాపు మాత్రం నన్నే చూస్తున్నాడు. "నీ మార్సెయ్‌ని ఇంటి ముంగటికే తెచ్చిన. ఇంక యాడికి పోతవ్?"

పైన అద్దంలో సిమెంటు సంచులు, నీళ్ల డ్రమ్ము, బాపు నడినెత్తి. పలచబడింది. ఎప్పుడూ పైనుంచి చూడలేదు.

"మంచిగున్నది బాపు" అన్నాను. అబద్ధమని రాయలేను. నిజమనీ రాయలేను.

ఏప్రిల్ 20

బాపు దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చూపిస్తున్నాడట. "మా బిడ్డ డిజైన్."

ఏప్రిల్ 22

కోహీర్ నుంచి ఒకాయన, భార్యతో ఆఫీసుకు వచ్చాడు. కొత్త ఇల్లు. కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే — "మీ బాపు ఇంటికి ఏసినట్టే, అద్దాలది గావాలె మేడం." ఇంజినీరు సార్ మురిసిపోయారు. "ఇగ మన ఆఫీసుకు ఇదే పేరు."

గీశాను. స్తంభం, ఆకు, అద్దం. చెయ్యి ఎక్కడా ఆగలేదు. అందుకే భయమేసింది.

ఏప్రిల్ 25

సాయంత్రం పోర్టికో కింద, బాపు నేను. ఇద్దరం ఇసుక కుప్ప మీద. చెరకు ట్రాక్టరు ఒకటి పోయింది. అద్దంలో తలకిందులుగా పోయింది.

"ఇంకా పోవాలనే ఉన్నదా?"

"ఉన్నది."

"అద్దాలు పెట్టిస్తి గద."

"సముద్రం లేదు కద బాపు."

ఇసుకలో వేలితో ఏదో గీశాడు, చెరిపాడు. "సముద్రం నేను యాడికెల్లి తేవాలె."

తెమ్మని అడగలేదు. పోనిమ్మని అడిగాను. ఆ మాట నోటిదాకా వచ్చింది... బాపు చెప్పుల నిండా ఇసుక. దులుపుకోకుండానే లేచాడు.

"పెండ్లయినంక—" అని ఆగిపోయాడు. ఆ మాట పూర్తి చేయకపోవడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 28

బొమ్మ మళ్లీ గోడ మీద ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో అమ్మ చెప్పలేదు. సున్నం వేలిముద్రలు తుడవలేదు. తలకిందులుగా అతికించారు. అట్లాగే ఉంచాను.

బాపు పొద్దున్నే చేనుకు పోయాడు, నాతో మాట్లాడకుండా. ఇంకా రాలేదు. అమ్మ రెండుసార్లు వాకిట్లోకి వెళ్లి చూసి వచ్చింది.

శిక్షణవాళ్లకు వస్తున్నానని రాసి పంపాను. వచ్చే వారం వీసా పనికి హైదరాబాదు. వినగానే అమ్మ అన్నది — "మీ బాపుకు ఏం చెప్తవ్?"

ఇదే చెప్తాను. జూన్‌లో పోతున్నాను. ఒక్కదాన్నే.