రంభ ఎక్కని లారీ

సికింద్రాబాద్,
21 మార్చి 2010.

వేణి నాన్నగారికి,

మీ లక్ష్మి నమస్కారాలు. ఇక్కడ నేనూ వేణీ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ మీరూ పూర్ణా బాగుండాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఎదురుగా ఉంటే నువ్వు అనేదాన్ని, కాగితం మీద మీరు అనే వస్తోంది. పూర్ణకి మేత పెట్టేశాక, ఒక చోట కూర్చుని ఈ ఉత్తరం చదవండి.

మీ ఉత్తరం నిన్న శనివారం అందింది. మీ ఏనుగుల క్యాంపు అడవిలో సెల్‌ఫోను పనిచెయ్యదని మొదట్లో బాధపడ్డాను. ఇప్పుడు అదే మంచిదనిపిస్తోంది. ఫోనులో అయితే ఇదంతా నా నోటంట వచ్చేది కాదు.

మీరు అడిగినవి ముందు చెప్పేస్తాను. వేణికి ఉద్యోగం కుదురుగానే ఉంది. పొద్దున్నే తిరుమలగిరి చౌరస్తాలో కంపెనీ కారు ఎక్కి మాదాపూర్ వెళ్తోంది. ఇంకొకళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడమే దాని పనట. "తప్పు దొరికితే మెచ్చుకుంటారమ్మా" అని నవ్వుతుంది. మందు రాస్తే నా మోకాలు కాస్త నయమే. మీ నీలం స్వెట్టరు బీరువాలో లేదు, మీ ట్రంకు పెట్టె అడుగున చూడండి.

మన జూ మారిపోతోంది. సింహాల ఎన్‌క్లోజరు ఖాళీ అయ్యింది, ముసలి ఎలుగుబంటిని కూడా ఎక్కడికో పంపేశారు. బదులుగా రంగురంగుల చిలకలు, అరచేతిలో పట్టేంత కోతులు వచ్చాయి. ఇంత చిన్న జూలో పెద్ద జంతువులని పెట్టుకోవడం ఇక కుదరదని, ఉన్న చోటులో బతకగలిగినవాటినే పెంచాలని క్యూరేటర్ రామభద్రరావుగారు అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. జనం మాత్రం గేటు దగ్గర టిక్కెట్టు తీసుకుంటూనే ఏనుగెక్కడ అని అడుగుతున్నారు.

మన రెండో ఏనుగు రంభ మేత ఖర్చు భరిస్తామని దాన్ని దత్తత తీసుకున్న సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు మొన్న వచ్చారు. వాళ్ల పేరున్న బోర్డు ఊడదీసి నెమళ్ల దగ్గర పాతించుకున్నారు. ఎందుకు తీశారో మీకు రాయాలి కదా. ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను.

రంభ లేదు. ఫిబ్రవరి 27న, పొద్దున తొమ్మిది దాటాక పోయింది.

మార్చి రెండున నేను రాసిన ఉత్తరంలో రంభ రాగిముద్దలు తింటోందని ఉంటుంది. అది అబద్ధం. అప్పటికి దాన్ని పూడ్చిపెట్టి మూడు రోజులైంది. పూర్ణ అక్కడ అప్పుడప్పుడే మీ చేత్తో తినడం మొదలుపెట్టిందని, ఈ సంగతి తెలిస్తే మీరు వదిలేసి వచ్చేస్తారని, కొన్నాళ్లు చెప్పొద్దని మన జూ డాక్టర్ సదాశివగారు అన్నారు. ఆయన అన్నది ఆగమనే గానీ, తింటోందని రాయమని కాదు. అది నేనే రాశాను.

జనవరి ఆఖర్లో లారీ పూర్ణతో, మీతో గేటు దాటి వెళ్లాక రంభ ఆ గేటు వైపే తిరిగి నిలబడింది. నీళ్లకి మాత్రం పక్కకి కదిలేది. మొదటి వారం సగం మేత తింది. బోయిన్‌పల్లి మార్కెట్టు నుంచి వచ్చిన అరటిగెలలు అలాగే మగ్గిపోయి ఈగలు ముసిరేవి. రెండో వారం చెరకు ముక్క నోట్లో పెడితే పట్టుకునేది, నమిలేది కాదు. ఒకరోజు నా చేతిలోంచి రాగిముద్ద తీసుకుని, కాసేపు నోట్లో ఉంచుకుని, మళ్లీ తెచ్చి నా చేతిలోనే పెట్టింది. నాకేటి చెయ్యాలో తెలీలేదు. దాన్ని బకెట్లో పడేసి చెయ్యి కడుక్కున్నాను.

తర్వాత కూర్చుండిపోయింది. క్రేను తెచ్చి, పొట్ట కింద బెల్టులు వేసి రెండుసార్లు లేపారు. చెవి వెనక సెలైను పెట్టారు. మూడోసారి లేపుతుంటే డాక్టరుగారే చెయ్యి ఊపి వద్దన్నారు. పోయేటప్పుడు నేను దాని తల దగ్గరే ఉన్నాను. అది పెద్దగా బాధపడలేదు, ఊపిరి నెమ్మదిగా ఆగిపోయింది. జేసీబీతో గొయ్యి తవ్వి ఉప్పు పోసి పూడ్చారు. తిరుమలగిరి మిలిటరీ క్వార్టర్ల ఆడవాళ్లు పూలు తెచ్చారు. మన లచ్చమ్మ, జింకల దగ్గర ఊడ్చే లచ్చమ్మ, నా భుజం పట్టుకుని ఊపింది.

"ఏడువు లక్ష్మక్కా. గిట్ల రాయి లెక్క కూసుంటే ఎట్ల? లోపల గడ్డ కడ్తది."

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. వేణి ఏదో మాట్లాడుతుంటే దాని పెదాలు కదలడం కనిపిస్తుంది, మాట ఆలస్యంగా వినపడుతుంది. అన్నం తింటున్నాను, ఇంటి పని చేసుకుంటున్నాను. ఎవరిదో ఒళ్లు నేను మోసుకు తిరుగుతున్నట్టుంది.

ఎందుకు ఏడవలేకపోతున్నానో నాకు తెలుసు. అది కూడా రాసేస్తాను.

జనవరిలో మీరు క్యాంపు చూసి రావడానికి వెళ్లిన రోజు, లారీ తెచ్చి ఏనుగులని ఎక్కించి చూశారు. రంభ వెనక కాలి పగులు చూసి సదాశివగారికి అనుమానం. ఆ కాలితో లారీకి వాలుగా వేసిన చెక్క ఎక్కగలిగితే రెండూ వెళ్తాయి, లేకపోతే పూర్ణ ఒక్కతే వెళ్తుంది.

"లక్ష్మీ, మీ ఆయన ఎల్లాజీ లేడు కాబట్టి అవి నీ మాటే వింటాయి. నువ్వు పక్కన నిలబడి ఎక్కించు. నేను వెనక నుంచి కాలు చూస్తాను" అన్నారు.

పూర్ణ గునగునా ఎక్కేసి దిగింది. తర్వాత రంభ. నేను పైకి వినపడేలా "ఎక్కు తల్లీ, ఎక్కు" అన్నాను. ఎవరికీ కనపడకుండా తొండం మీద అరచెయ్యి ఒత్తిపెట్టాను. తొండం మీద చెయ్యి పెడితే ఆగాలని దానికి నేర్పింది మీరే. ముందు కాలు చెక్క మీద వేసింది, నా చెయ్యి తగలగానే తీసేసింది. రెండోసారీ అంతే. మూడోసారి రెండు ముందు కాళ్లూ పెట్టేసింది. ఎక్కగలదు. నాకు తెలిసిపోయింది. గట్టిగా ఒత్తాను. నా వైపు చూసింది. నా పాదం తొక్కకుండా చూసుకుని మెల్లగా వెనక్కి దిగింది.

"ఎక్కలేకపోతోంది పాపం" అని డాక్టరుగారు కాగితం మీద రాసుకున్నారు.

ఏనుగులతో పాటు మావటి కూడా శాశ్వతంగా వెళ్లాలని పైనుంచి వచ్చిన ఆర్డరులో ఉంది. క్యాంపులో ఆడవాళ్లకి చోటు లేదు. వేణిని ఒక్కదాన్నీ వదిలి నేను రాలేను. ఒక ఏనుగు ఇక్కడ ఉండిపోతే, పూర్ణ అలవాటు పడ్డాక ఎల్లాజీని వెనక్కి రప్పిస్తామని రామభద్రరావుగారు ఎవరితోనో అంటుంటే అంతకుముందే విన్నాను. అంతే. ఇంకే కారణమూ లేదు. మీరు తిరిగి రావాలని చేశాను. ఇరవై ఏళ్లు పక్కపక్కనే నిలబడిన రెండింటినీ అందుకు విడదీశాను.

పోయిన సోమవారం రామభద్రరావుగారు నన్ను ఆఫీసుకి పిలిచారు. డాక్టరుగారూ ఉన్నారు. వీధుల్లో తిప్పి అడుక్కునేవాళ్ల దగ్గర ఒక ఆడ ఏనుగుని అటవీశాఖవాళ్లు పట్టుకున్నారట. కేసు తేలేదాకా మన షెడ్డులో ఉంచాలనుకుంటున్నారు.

"నువ్వు చూసుకుంటానంటే ఎల్లాజీని కూడా వెనక్కి పిలిపిస్తాను. ఏమంటావు?" అన్నారు.

"వద్దు బాబూ" అన్నాను.

"అదేమిటి? మీ ఆయన వస్తాడంటుంటే!"

"ఒక్కదాన్నే ఇక్కడ పెట్టకండి బాబూ. ఎక్కడైనా ఏనుగులున్న చోటికే పంపండి." తర్వాత ఆ రోజు లారీ దగ్గర నా చెయ్యి ఏం చేసిందో చెప్పాను. రామభద్రరావుగారు కాగితం నా ముందుకు జరిపి రాసి ఇమ్మన్నారు. అక్కడే కూర్చుని అర పేజీ రాసి సంతకం పెట్టాను.

బయటికి వచ్చాక సదాశివగారు నా వెనకే వచ్చారు.

"ఆ కాలు నిజంగానే బాగాలేదమ్మా. దారిలోనే పడిపోయేదేమో."

"పడిపోయేదా బాబూ?"

ఆయన గేటు వైపు చూశారు. "తెలీదు. ఎక్కించి ఉంటే తెలిసేది" అన్నారు.

ఆ ఏనుగుని ఇంకో క్యాంపుకి పంపేశారు. మన షెడ్డు పడగొట్టి చిలకలకి పెద్ద వలగది కడతారట. ఇక ఈ జూలో ఏనుగులు ఉండవు. ఏనుగుల షెడ్డులో నా పని పోయింది, ఏప్రిల్ ఆఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బోయిన్‌పల్లిలో విమలమ్మ అనే ఆవిడ ఇంట్లో ఒక గది దొరికింది. వేణికి ఇవన్నీ చెప్పాను. అది ఒక పూట నాతో మాట్లాడలేదు, తర్వాత వచ్చి సామాన్లు సర్దడం మొదలుపెట్టింది. మీరు తిరిగి రావడానికి ఇక్కడ చోటు లేకుండా చేసింది నేనే. కోపగించుకోండి. ఉత్తరం రాయకపోయినా నేను అడగను.

మీ ఉత్తరం ఆఖర్న ఒక మాట అడిగారు. పూర్ణ అక్కడి ఏనుగులని చూసి బెదురుతోందని, రోజంతా మీ గుడిసె దగ్గరే నిలబడుతోందని, కొన్నాళ్లు దాన్ని విడిగా మీ దగ్గరే కట్టుకోనా అని. కట్టుకోకండి. బెదిరినా సరే, వాటి మధ్యే వదలండి. మెల్లగా మీ గుడిసె వైపు రావడం మానేస్తుంది. మాననివ్వండి.

ఇట్లు,
మీ వేణి తల్లి,
అప్పలలక్ష్మి.