డ్రైవర్ లేని కారులో గోంగూర

ఫ్రీమాంట్

రేణు గారికి,

మీరు యాప్‌లో తెలుగు ఎంచుకున్నారు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. శనివారం మా డ్రైవర్ లేని కారులో మీరు దారి పొడుగునా గంజాయి ఆకు వలిచినట్టు లోపలి కెమెరా గుర్తించింది. మీ అకౌంట్ ఆపేశాం.

ఇట్లు,
శశికాంత్, ప్రయాణికుల విభాగం

తా.క. సీటు మీద మరిచిపోయిన కాడలు భద్రంగా ఉన్నాయి.

*

శశికాంత్ గారికి నమస్కారం.

అది గోంగూర. స్టోర్ నుంచి ఇంటికొచ్చేలోపు నాలుగు కట్టలు వలిచేస్తాను. మీ కారులో వేరే పనేముంది? మాట్లాడదామంటే డ్రైవర్ లేడు. పచ్చడి చేసి తెలిసినవాళ్లకి పంచుతాను. నాకు డ్రైవింగ్ రాదు. మీ కార్లు వచ్చాకే ఎవరి ఖాళీ కోసమూ కాచుక్కూర్చోకుండా బయటికి వెళ్తున్నాను. అకౌంట్ తెరవండి.

ఉంటాను,
రేణు

తా.క. పోయిన నెల నేను గోంగూర వలుస్తుంటే మా ఆయన శ్యామ్‌సుందర్ వరసపెట్టి ఫోటోలు తీశారు. పెళ్లిలో కూడా అన్ని తీయించలేదు.

*

రేణు గారికి,

పంచుతున్నట్టు మీరే ఒప్పుకున్నారు. ఎవరికి? తిన్నాక వాళ్లు ఎలా ఉన్నారు?

ఇట్లు,
శశికాంత్

తా.క. గోంగూర నాకూ తెలుసు. కెమెరా మాట కాదనే అధికారం నాకు లేదు.

*

శశికాంత్ గారూ,

రష్మికీ అనురాధకీ. రష్మి తిని మీటింగ్‌లో నిద్రపోయింది. అనురాధ వారం ఆగలేక, ఇంకా కావాలని మంగళవారమే ఫోన్ చేస్తుంది. ఈ గంజాయి మాట మా ఆయన దాకా వెళ్లనివ్వకండి. మా గ్రీన్ కార్డ్ పని చివరికొచ్చింది.

రేణు

తా.క. ఆయనా కార్ల కెమెరాలకి ఏది ఏమిటో నేర్పుతారు. ఏ కంపెనీవో బయట చెప్పకూడదట. మీ కెమెరాకి నేర్పిన ఆ మహానుభావుణ్ణి ఒక్కసారి మా వంటింటికి రమ్మనండి.

*

రేణు గారికి,

ఆయన మీ వంటింటికి రోజూ వస్తూనే ఉన్నారు. మా కెమెరాకి నేర్పింది శ్యామ్‌సుందర్ గారే. ఫోన్‌లో గంజాయి ఫోటోలుంటే గ్రీన్ కార్డ్‌కి ఇబ్బందని, ఆకు అలాగే ఉంటుంది కదా అని వాటి బదులు గోంగూరవి ఇచ్చారట. మీ అకౌంట్ తెరిచాం. కెమెరా బాగుపడడానికి కొంత టైమ్ పడుతుంది.

ఇట్లు,
శశికాంత్

తా.క. ప్రతి ఫోటోలోనూ మీ గాజుల చేతులున్నాయి. ముఖం ఒక్కదాంట్లోనూ లేదు.

*

శశికాంత్ గారికి,

ఈ శనివారం ఆయన్ని కూడా ఎక్కించి, నాలుగు కట్టలూ ఆయనచేతే వలిపించాను. కెమెరా కిక్కురుమనలేదు. నేను చిక్కుడుకాయలు తీశానో లేదో, గంజాయి అని కారు పక్కకి తప్పుకుని ఆగిపోయింది. అది నేర్చుకున్నది ఆకుని కాదు, నా గాజుల్ని. మళ్లీ అకౌంట్ ఆపకండి.

ఉంటాను,
రేణు

తా.క. గాజులు తీసి ఎక్కమంటున్నారు మా ఆయన. తీయను. ప్రస్తుతానికి నన్ను చూడగానే గుర్తుపట్టేది మీ కారొక్కటే.