బేసిన్ పైన టైలు జోలికి పోవద్దు

నార్సింగి,
సోమవారం.

గౌరవనీయులైన లింగయ్య గారికి, మీ ఇంటి మొదటి అంతస్తులో కిరాయికి ఉంటున్న హర్షిణి నమస్కరించి రాయునది.

నేను క్షేమం. మీ గోడలు కూడా క్షేమం. ముందు గోడల సంగతే రాయాల్సింది, వరస తప్పినందుకు మన్నించండి.

కిరాయి ఒప్పందంలో మీరొక షరతు పెట్టించారు గుర్తుందా? గోడలకు సంబంధించిన మాట ఫోన్లో మాట్లాడరాదు, కాగితం మీద రాసి పంపాలి అని. అప్పుడు నవ్వుకుంటూ సంతకం చేశాను. రాయదుర్గంలో పద్దెనిమిదో అంతస్తులో కూర్చుని ఎక్కడెక్కడి బ్యాంకుల సాఫ్ట్‌వేరో సరిచేసే నేను, నిన్న స్టేషనరీ షాపుకి వెళ్ళి గీతల కాగితాలు కొన్నాను. పాప ఏ క్లాసు మేడమ్ అని అడిగాడు షాపతను.

సంగతేమిటంటే, మీ బాత్రూంలో బేసిన్ ఉంది, కొళాయి ఉంది, కళ్ళు చెదిరే టైల్స్ ఉన్నాయి, అద్దం లేదు. నాకు చూపు తక్కువ. రోజూ పొద్దున్నే కళ్ళలో లెన్సులు పెట్టుకోవాలి. ఫోన్ కెమెరాలో చూసుకుంటూ పెట్టుకుంటున్నాను. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కనురెప్ప, ఇంకో చేత్తో లెన్సు. ఆ ఇంకో చెయ్యి నాకు ఇంతవరకు రాలేదు. మొన్న ఫోను బకెట్లో పడింది.

అద్దం కొనేశాను. తగిలించడానికి బేసిన్ పైన రెండు చిన్న రంధ్రాలు చాలు. దయచేసి అనుమతి ఇవ్వగలరు.

ఇట్లు,
తన ముఖం తాను చూసుకోవాలనే పెద్ద కోరిక గల
హర్షిణి.

తా.క.: మొన్న శుక్రవారం ఒక కంటికే లెన్సు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. లాబీలో మా మేనేజరుకి గుడ్ మార్నింగ్ చెప్పి, పనిలో పనిగా రెండు రోజులు సెలవు కూడా అడిగాను. తీరా చూస్తే అది ఏదో ప్రకటన కోసం నిలబెట్టిన అట్ట మనిషి. అయినా మా మేనేజరు కంటే శ్రద్ధగా విన్నాడు.


నిజాంపేట,
బుధవారం.

చిరంజీవి హర్షిణికి, లింగయ్య ఆశీర్వదించి రాయునది.

మా హాస్టల్‌కి కూరగాయలు తెచ్చే ఆటో స్వామి నీ ఉత్తరం ఇచ్చాడు. ఇక మీదట కూడా అతనికే ఇయ్యి.

నేను నలభై ఏండ్లు టైల్స్ పని చేసిన మేస్త్రీని. నీ లాంటి వాళ్ళు ఆ ఆఫీసుల్లో చేతులు కడుక్కునే చోటల్లా ఎదురుగా ఉన్నవి నేను అంటించినవే. ఆ నార్సింగి ఇల్లు నా సొంతానికి కట్టుకున్నది. అందులో కూలివాడి చేత ఒక్క టైలు కూడా పెట్టించలేదు. నీకంటే ముందు ఆ ఇంట్లో నేను, నా భార్య తప్ప మూడో మనిషి లేడు. హాస్టల్ చూసుకోవడానికి పోయిన ఏడు ఇక్కడికి వచ్చాం కాబట్టి నీకు ఇచ్చాను.

నా భార్యకే ఆ బాత్రూంలో అద్దం పెట్టలేదు. ఆరేండ్లు స్టీలు పళ్ళెంలో చూసుకొని బొట్టు పెట్టుకుంది. ఆమె ఏనాడూ ఏమీ అనలేదు. నీకు వారం దినాలకే ఇంత పరేషాన్ అయితే ఎట్లా?

రంధ్రం అనే మాట మళ్ళీ రాయకు. మరీ ముఖ్యంగా బేసిన్ పైన టైలు జోలికి పోవద్దు.

ఇట్లు,
లింగయ్య.

తా.క.: స్వామి చేత గోంగూర పచ్చడి పంపిస్తున్నాను. వేడన్నంలో కలుపుకొని తిను. పచ్చడి కలిపిన చేత్తో మాత్రం కళ్ళలో లెన్సు పెట్టుకోకు బిడ్డా.


నార్సింగి,
ఆదివారం.

గౌరవనీయులైన లింగయ్య గారికి నమస్కారాలు.

మీ ఆజ్ఞ శిరసావహించి ఆ మాట ఇక రాయను. దాన్ని 'అది' అంటాను.

'అది' అవసరం లేని ఉపాయం ఒకటి చేశాను. గాలి పీల్చుకుని గోడను పట్టుకునే రబ్బరు కొక్కేలు కొన్నాను. ముందు జాగ్రత్తగా అద్దం బదులు మగ్గు తగిలించాను. గోడ పొడిగా ఉన్నంతసేపు కొక్కెం గొప్పగా పనిచేసింది. వేడి నీళ్ళు పట్టి బకెట్ నుంచి ఆవిరి లేచిందో లేదో, రాజీనామా చేసి కింద పడింది. అప్పుడు నేను ఆఫీసు కాల్‌లో ఉన్నాను. అవతలివాళ్ళు ఏమిటా చప్పుడు అన్నారు. మా ఓనర్ గారి నియమాలు అన్నాను.

ఇప్పుడు మరో మనవి. టైలుకీ టైలుకీ మధ్య సిమెంటు గీత ఉంటుంది కదా, ఆ సందులో 'అది' చేయిస్తే టైలుకు ఏమీ కాదు అంటున్నారు. ఆలోచించండి. లేకపోతే ఆంటీ వాడిన ఆ స్టీలు పళ్ళెమైనా పంపండి, ఆరేళ్ళ అనుభవం ఉన్న పళ్ళెం కదా.

ఇట్లు,
కొక్కెం కూడా వదిలేసిన
హర్షిణి.

తా.క.: పచ్చడి రెండు రోజుల్లో అయిపోయింది. మీ ఉత్తరం చదివితే భయం వేస్తుంది, తా.క. చదివితే ఆకలి వేస్తుంది. ఇద్దరూ ఒక్క మనిషేనంటే నమ్మలేకపోతున్నాను. ఇంకొక మాట, మీ చేతిరాత ఎంత బాగుందో. సిమెంటు పట్టిన చేతికి ఇంత గుండ్రని అక్షరాలు ఎలా వచ్చాయండీ?


నిజాంపేట,
మంగళవారం.

చిరంజీవి హర్షిణికి, లింగయ్య రాయునది. ఈసారి ఆశీర్వాదం లేదు.

నన్ను మోసం చేయాలని చూస్తున్నావు. నిన్న స్వామి కళ్ళారా చూశాడు. ఒకడు డ్రిల్ మిషను సంచి భుజానికి వేసుకొని నీ ఇంటి మెట్లెక్కాడట. ఇక్కడ నాకు ఉత్తరం రాస్తూనే అక్కడ నా గోడకు తూట్లు పెట్టిస్తున్నావా?

సందులో పెట్టిస్తాను అంటావు. నేను పరిచిన టైల్స్ సందులోకి దారప్పోగు కూడా దూరదు. నీ అద్దం ఎక్కడ దూరుతుంది?

ఒక పని చెయ్యి. రూపాయి బిళ్ళతో ప్రతి టైలు కొట్టి చూడు. వెనక సిమెంటు నిండుగా ఉంటే గట్టిగా మోగుతుంది, ఖాళీ ఉంటే బోలుగా మోగుతుంది. ఒక్కటి బోలుగా మోగినా నేను మేస్త్రీనే కాదు. డ్రిల్ పెట్టించి ఉంటే కదిలిన టైలు ఎట్లాగూ దొరుకుతుంది. బేసిన్ పైన టైలు మాత్రం కొట్టకు. దాన్ని కొట్టాల్సిన పని లేదు.

మళ్ళీ చెబుతున్నాను, అక్కడ ఏదీ పెట్టకు, ఏదీ అంటించకు.

ఇట్లు,
లింగయ్య.

తా.క.: చేతిరాత మెచ్చుకున్నందుకు చాలా సంతోషం. ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ ఆ మాట అనలేదు. మా హాస్టల్ పిల్లలు రెండు వైపులా అంటుకునే టేపుతో అద్దాలు పెట్టుకున్నారు, పడలేదు. నువ్వూ తెచ్చి అంటించుకో. బేసిన్ పైనే అంటించు, అద్దం ఇంకెక్కడ పెడతారు? జవాబులో మాత్రం ఈ ముక్క ఎత్తకు. ఈసారి టమాట పచ్చడి.


నార్సింగి,
శుక్రవారం.

లింగయ్య గారికి నమస్కారాలు.

ముందు డ్రిల్ సంగతి. స్వామి చూసిన మనిషి ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చాడు. మీ షరతు చదివి వినిపించాను. పాపం, సంచి విప్పకుండానే వైరు కిటికీలోంచి లోపలికి వేసి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ కిటికీ మూతపడదు. నార్సింగిలో ఉన్న దోమలన్నీ వచ్చి నా నెట్ వాడుకుంటున్నాయి.

ఇక రూపాయి బిళ్ళ పరీక్ష. నూట పన్నెండు టైల్స్ కొట్టాను. నూట పదకొండు మీరన్నట్టే గట్టిగా మోగాయి, ఆ పనితనానికి నిజంగానే దండం పెట్టాను. బేసిన్ పైన టైలు కొట్టవద్దన్నారు కాబట్టి దాన్నే మొదట కొట్టాను. డప్పులా మోగింది.

టేపు విషయం ఎత్తవద్దన్నారు గానీ, ఎత్తక తప్పని పరిస్థితి వచ్చింది. ఉత్తరంలో ఏదీ అంటించకు అన్నారు, తా.క.లో అంటించు అన్నారు. మా ఆఫీసులో ఒకే మెయిల్లో రెండు మాటలుంటే కింది మాటే చెల్లుతుంది. బుధవారం పొద్దున అంటించాను. రెండు రోజులు ఎంత హాయిగా గడిచాయో చెప్పలేను. నా రెండు కళ్ళనూ ఒకేసారి చూసుకున్నాను.

ఈ ఉదయం అద్దం పడిపోయింది. కంగారు పడకండి, కింద నానబెట్టిన బట్టల టబ్బు ఉంది. అద్దానికి ఏమీ కాలేదు. మీ టైలుకు గీత కూడా పడలేదు. టేపు ఎంత గట్టిదంటే, అద్దాన్ని వదల్లేదు, టైలునూ వదల్లేదు. గోడే టైలును వదిలేసింది. రెండూ ఇప్పుడు నా మంచం మీద కలిసి పడుకుని ఉన్నాయి. విడదీయడం నా వల్ల కాలేదు.

అసలు విషయం గోడ మీద ఉంది. టైలు వెనక సిమెంటు నిండుగా లేదు, లడ్డూల్లాంటి అయిదు ముద్దలు మాత్రం ఉన్నాయి. వాటి మధ్య రెండు రంధ్రాలు. ఇక 'అది' అనక్కర్లేదనుకుంటాను. రెండూ ఒకే ఎత్తులో, అడుగు దూరంలో ఉన్నాయి. రెండింటిలోనూ పసుపు పచ్చ ప్లాస్టిక్ ప్లగ్గులు. అద్దం తగిలించడానికి ఎవరో డ్రిల్ చేసి, టైలు పగలగొట్టి, ఇంకో టైలు హడావుడిగా అంటించారన్నమాట. ఆ ఇంట్లో మీరూ ఆంటీ తప్ప మూడో మనిషి లేడని మీరే రాశారు. ఆంటీ డ్రిల్ పట్టుకుని ఉంటారని నేననుకోను.

కాబట్టి బేరానికి వద్దాం. నేను ఆంటీకి చెప్పను. మీరు నా అద్దం తగిలించుకోనివ్వండి. కాదంటే నేను ఇల్లు ఖాళీ చేస్తాను, పోతూ పోతూ నిజాంపేట మీదుగా పోతాను. ఈ ఉత్తరం మీరొక్కరే చదివి చింపేయండి. పొరపాటున కూడా ఆమె చేతికి చిక్కనివ్వకండి.

ఇట్లు,
గుట్టు కాపాడే
హర్షిణి.

తా.క.: ఒక మనిషిని ఆరేళ్ళు పళ్ళెంలో ముఖం చూసుకోనిచ్చి, గోడలో రెండు రంధ్రాలు దాచుకున్నారు మీరు. ఈ ముక్క వెక్కిరించడానికి రాయడం లేదు. నాకు నిజంగా కోపం వచ్చింది.


నిజాంపేట,
శనివారం.

చిరంజీవి హర్షిణికి, సక్కుబాయి ఆశీర్వదించి రాయునది.

చేతిరాత అదే, పేరు వేరే ఉందేమిటని చూస్తున్నావేమో. చేతిరాత మొదటి నుంచీ నాదే బిడ్డా. మా ఆయనకు సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు, అయినా గోడ మాట కాగితం మీద ఉంటేనే లెక్క అంటాడు. ఆయన చెబుతాడు, నేను రాస్తాను, ఆయన సంతకం పెడతాడు. పది తిట్లు చెబితే రెండు రాశాను. వచ్చిన ఉత్తరాలు ఆయనకు చదివి వినిపించేది కూడా నేనే. "ఆమె చేతికి చిక్కనివ్వకండి" అన్నది కూడా గట్టిగానే చదివాను.

"ఆమె ఏనాడూ ఏమీ అనలేదు" అని ఆయన చెబుతుంటే నా చేత్తోనే రాశాను చూడు. ఆరేండ్లలో నేను ఆ అద్దం గురించి అననిది ఏ దినం? అన్నీ ఆయనకు వినబడ్డాయి గానీ అది ఒక్కటే వినబడలేదు.

నిన్న నీ ఉత్తరం చదవడం అయిపోయాక ఆయన చాయ్ గ్లాసు పక్కకు పెట్టాడు. ఎన్నడూ లేనిది తల దించుకొని కూర్చున్నాడు.

"ఏంది ఆ తూట్ల కథ?" అన్నాను.

"ఆ ఇంట్లకు పోయిన మొదటి ఏడు బతుకమ్మకు నువ్వు మీ తల్లిగారింటికి పోలేదా," అన్నాడు. "నువ్వొచ్చే వరకు అద్దం పెట్టి ఉంచుదామనుకున్న. డ్రిల్లు జర గట్టిగ వత్తిన. టైలు నడిమికి పగిలింది. గంత పెద్ద మేస్త్రీని, నా ఇంట్ల నేనే టైలు పగలగొట్టిన్నని నీకెట్ల చెప్పాలె? ఇంకోటి అంటించిన. అద్దం పెడితే టైల్సు ఖరాబైతయని నీకు చెప్పిన. ఇగ చెప్పినంక ఆ మాట మీదనే ఉండాలె గద."

"మరి అద్దం ఏమాయె?"

"బియ్యం బస్తాల ఎనక ఉన్నది."

పోయి చూశాను. పాత పేపర్లలో చుట్టి ఉంది. కోలగా, ఆకుపచ్చ అంచుతో మంచి అద్దం. ఇల్లు మారినప్పుడు కూడా నాకు కనబడకుండా తెచ్చి దాచాడు. పేపరు విప్పితే అద్దం వెనక నా బొట్టుబిళ్ళల అట్ట ఒకటి రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. బిడ్డా, నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేండ్లు ఈ మనిషికి నా మీద పట్టింపే లేదనుకున్నాను. పట్టింపు ఉంది, దాని మీద టైలు అంటించి పెట్టాడు.

నా తరఫున కోపం తెచ్చుకున్నావు, సంతోషం. అట్లా తెచ్చుకున్న మొదటి మనిషివి నువ్వే.

నువ్వు ఇల్లు ఖాళీ చేయవద్దు. రేపు ఆదివారం పొద్దున ఇద్దరం వస్తున్నాం. ఆయన కొత్త టైలు పెట్టి, అది గట్టిపడ్డాక వచ్చే ఆదివారం డ్రిల్ చేస్తాడట. టైలు మీద ముందు టేపు అంటించాలట, మిషనులో దెబ్బలు కొట్టే హ్యామర్ బంద్ చేయాలట, నీళ్ళు చల్లుకుంటూ మెల్లగా తిప్పాలట. రాత్రి నుంచి నాకు ఇదే పాఠం. ఈ సంగతి ఆనాడే ఆయనకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఒక్క మాట. ఆ రెండు రంధ్రాలు నా అద్దం కొలతకు పెట్టినవి. అందుకని అక్కడ నా అద్దమే పెట్టిస్తున్నాను. నువ్వు లెన్సులు పెట్టుకో, నేను వచ్చినప్పుడల్లా ఒకసారి చూసుకొని పోతాను. నీ అద్దం నాకు ఇయ్యి, హాస్టల్లో పెట్టుకుంటాను. టైలు ఊడకపోతే టైలుతోనే ఇయ్యి.

ఇట్లు,
సక్కుబాయి.

తా.క.: నీ ఉత్తరాల్లో తా.క. గురించి రాసినవి, టేపు అంటించమన్నది మీరే అని రాసినవి ఆయనకు చదవకుండా దాటేశాను. "ఆ పిల్లకు నా టైలు మీద టేపు అంటించే బుద్ధి ఎవలిచ్చిన్రు? ఇన్ని దినాలు నా సంతకం కింద ఇంకేందో రాస్తున్నవ్, ఏం రాసినవ్?" అని ఇప్పుడు అడుగుతున్నాడు. దేవుడి పేరు రాశానని చెప్పాను. ఆయన ఇన్నేండ్లు దాచాడు, నేను కనీసం రేపు నీ గుమ్మం ఎక్కే దాకా దాస్తాను.